తెరలోకి నడిచిన ఆపరేటర్: బస్టర్ కీటన్ ‘షెర్లాక్ జూనియర్’లోని కల్పనాశక్తి

సభకు నమస్కారం.

మనమిప్పుడే చూసిన ‘షెర్లాక్ జూనియర్’ 1924 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన మూకీ హాస్యచిత్రం. అయిదు రీళ్ళ సినిమా. ఇప్పుడు దొరికే ప్రతుల్లో సుమారు 45 నిమిషాలు నడుస్తుంది. దర్శకుడూ కథానాయకుడూ బస్టర్ కీటనే. ఈ సినిమా చూసినవాళ్ళు చివర్లో తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇదంతా ఎలా తీశారు?’ ఆ ప్రశ్నకు ఇందులో రెండు రకాల జవాబులున్నాయి. కొన్ని చోట్ల కెమెరా మాయ చేసింది. కొన్ని చోట్ల ఏ మాయా లేదు, ఒక మనిషి నిజంగానే ఆ పని చేశాడు. విచిత్రమేమిటంటే, కెమెరా మాయ చేసిన చోట అంతా సహజంగా జరిగిపోయినట్టు ఉంటుంది, మనిషి ఒళ్ళు వంచి నిజంగా చేసిన చోట కెమెరా ఏదో కనికట్టు చేసినట్టు అనిపిస్తుంది. కీటన్ ఈ తారుమారును తెలిసే చేశాడని, ఈ సినిమాలోని కల్పనాశక్తి అంతా దాని మీదే నిలిచి ఉందని నా నమ్మకం. అందుకు ఆధారాలను సినిమాలోంచే ఒక్కొక్కటిగా మీ ముందు పెడతాను.

ముందు ఆ మనిషి గురించి కొద్దిగా చెప్పాలి. కీటన్ 1895లో కాన్సాస్ రాష్ట్రంలోని పిక్వా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు జో, మైరా వాడవిల్ నటులు. పాటలు, గారడీలు, హాస్యపు తునకలు, ఒంటి విన్యాసాలు ఒకదాని వెంట ఒకటిగా వేదికెక్కే ప్రదర్శనను అక్కడ వాడవిల్ అనేవారు. ఊహ తెలియని వయసులోనే పిల్లవాడు తల్లిదండ్రులతో కలిసి వేదికెక్కాడు, ముగ్గురూ కలిసి ‘త్రీ కీటన్స్’ అయ్యారు. తండ్రి ఆ పిల్లవాణ్ణి ఎత్తి వేదిక మీద అటూ ఇటూ విసరడమే వారి ప్రదర్శనలో ప్రధాన వినోదం. విసరడానికి పట్టు దొరికేలా అతని బట్టల వీపు భాగంలో ఒక పిడి కుట్టి ఉంచేవారు. దెబ్బ తగలకుండా పడడమెలాగో కీటన్ అక్కడ నేర్చుకున్నాడు. పడి లేచాక తాను నవ్వితే జనం నవ్వరనీ, ముఖం గంభీరంగా పెడితే పగలబడి నవ్వుతారనీ కూడా అక్కడే గ్రహించాడు. 1917లో రాస్కో ఆర్బకుల్ అనే హాస్యనటుడి దగ్గర సినిమాల్లోకి వచ్చినప్పుడు, కెమెరాను విప్పి లోపలి యంత్రం ఎలా పనిచేస్తుందో చూడడం తన తొలి ఆసక్తి అయిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. పడడం తెలిసిన శరీరం, యంత్రాన్ని విప్పి చూసే బుద్ధి ఒకే మనిషిలో కలిశాయి. అన్నట్టు, ఈ సినిమాలో కథానాయిక తండ్రిగా కనిపించిన పెద్దమనిషి ఆనాడు కొడుకును విసిరిన ఆ జో కీటనే.

కథ మీకు తెలిసిందే గనుక క్లుప్తంగా చెబుతాను. చిన్న ఊళ్ళో ఒక సినిమా హాలు. అక్కడ ప్రొజెక్టర్ నడిపే ఆపరేటరూ, హాలు ఊడ్చే మనిషీ ఒకే యువకుడు. అతనికి డిటెక్టివ్ కావాలని కోరిక. డిటెక్టివ్ కావడమెలాగో చెప్పే పుస్తకం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. అతను ప్రేమించే అమ్మాయి వెంట మరొక వన్నెకాడు పడుతుంటాడు. ఆ వన్నెకాడు అమ్మాయి తండ్రి గడియారం కాజేసి, నేరాన్ని మనవాడి మీదికి నెడతాడు. అవమానంతో హాలుకు తిరిగి వచ్చిన యువకుడు సినిమా వేసి ప్రొజెక్టర్ పక్కనే నిద్రపోతాడు. నిద్రలో తెరలోకి నడిచి వెళ్ళి, ప్రపంచంలోకెల్లా గొప్ప డిటెక్టివ్ అవుతాడు.

మాయలన్నీ కలలోనే ఉన్నాయని చాలామంది మొదటి భాగాన్ని తేలిగ్గా దాటిపోతారు. నా దృష్టిలో అది పొరపాటు. చెత్త ఊడ్చే సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. అమ్మాయికి చాక్లెట్ల పెట్టె కొనాలి. మంచి పెట్టె 3 డాలర్లు, చేతిలో ఉన్నవి 2. హాలు ఊడ్చిన చెత్తలో ఒక డాలరు నోటు దొరుకుతుంది. అప్పుడే ఒక యువతి వచ్చి తన డాలరు పోయిందని వెతుకుతుంది. డిటెక్టివ్ విద్యార్థి కదా, ఆ నోటు ఎలా ఉంటుందో వర్ణించమంటాడు! ఆమె వర్ణిస్తుంది, ఇతను ఇచ్చేస్తాడు. వెంటనే ఒక ముసలమ్మ ఏడుస్తూ వచ్చి తనదీ డాలరు పోయిందంటుంది. ఈసారి సొంత డాలరు తీసి ఇస్తాడు. మూడో మనిషి మొరటువాడు. వాడూ చెత్త వైపే వస్తుంటే, అడగకముందే ఇతను మిగిలిన ఒక్క డాలరూ తీసి వాడి చేతిలో పెట్టబోతాడు. వాడు అది తనకు అక్కర్లేదని తిరిగి ఇచ్చేసి, చెత్తను కెలికి, నోట్లతో ఉబ్బిన పర్సును బయటికి తీసి, లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతాడు.

ఈ వరుసలో కెమెరా కదలదు, మాయ లేదు, ఎవరూ కింద పడరు. ఒకే సంఘటన మూడుసార్లు జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ దాని అర్థం మారుతుంది. మొదటిసారి నిజాయితీ, రెండోసారి జాలి, మూడోసారి ఓటమికి ముందే సిద్ధపడిన మనస్సు. ఆ మూడో అడుగులో మనిషి స్వభావమంతా బయటపడింది. పైగా ఈ హాస్యం ఇక్కడితో ఆగిపోదు. మిగిలిన ఒక్క డాలరుతో చిన్న పెట్టె కొని, ధర దగ్గర ఉన్న ఒకటిని కలంతో నాలుగుగా దిద్ది, అమ్మాయికి ఇస్తాడు. వన్నెకాడు గడియారాన్ని తాకట్టు పెట్టి తెచ్చినవీ సరిగ్గా నాలుగు డాలర్లే. తాకట్టు చీటీ మనవాడి జేబులో దొరికినప్పుడు, పెట్టె మీది నాలుగు డాలర్ల ధర అతని నేరానికి సాక్ష్యంగా నిలుస్తుంది. గొప్ప కోసం దిద్దిన ఒక్క అంకె మెడకు చుట్టుకుంది. నవ్వు కోసం వేసిన గీత కథను మలుపు తిప్పిన ఈ పొదుపు చూస్తే, కథ అల్లిన జీన్ హావెజ్, జోసెఫ్ మిచెల్, క్లైడ్ బ్రక్‌మన్‌ల పనితనం మీద గౌరవం కలుగుతుంది.

ఆ తరువాత నీడలా వెంటాడే సన్నివేశం. అనుమానితుణ్ణి దగ్గరగా వెంబడించమని పుస్తకంలో ఉంది. అతను ఆ మాటను అక్షరాలా పాటించి, జానెడు దూరంలో అడుగులో అడుగు వేస్తూ నడుస్తాడు. ముందున్నవాడు తడబడితే ఇతనూ అలాగే తడబడతాడు. ముందున్నవాడు కాల్చిన సిగరెట్టును భుజం మీదుగా వెనక్కి విసిరితే ఇతను గాలిలోనే అందుకుని ఒక దమ్ము లాగి పారేస్తాడు. ఇద్దరి శరీరాలూ తల నుంచి పాదాల దాకా ఒకే చట్రంలో కనబడేలా కెమెరా దూరంగా నిలబడి ఉంటుంది. కీటన్ సినిమాల్లో కెమెరా అలా దూరంగా ఉండడం ఒక నియమం వంటిది. దగ్గరి షాట్లలో ముక్కలు చేసి చూపిస్తే ఎవరైనా నమ్మించవచ్చు. మనిషినీ, చుట్టూ ఉన్న చోటునూ కలిపి ఒకే షాట్‌లో చూపితేనే, జరిగినది జరిగిందని ప్రేక్షకుడు నమ్ముతాడు.

ఆ నియమానికి అతను ఎంత వెల చెల్లించాడో రైలు సన్నివేశం చెబుతుంది. కదులుతున్న గూడ్సు పెట్టెల పైన అతను రైలు పోయే దిశకు ఎదురుగా పరుగెత్తి, పెట్టెలు అయిపోగానే ఇంజన్లకు నీళ్ళు పట్టే ట్యాంకు గొట్టపు తాడును పట్టుకుని వేలాడతాడు. అతని బరువుకు గొట్టం కిందికి వంగి, నీళ్ళు కుమ్మరించినట్టు మీద పడి, అతన్ని పట్టాల మీదికి తోసేస్తాయి. ఆ నీటి ఉధృతికి పట్టాల మీద పడినప్పుడు కీటన్ మెడ ఎముక చిట్లింది. అప్పటికి తలనొప్పి అనుకుని సరిపెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తరువాత, 1930లలో ఒక వైద్య పరీక్షలో ఎక్స్‌రే చూసిన డాక్టరు, మెడ ఎప్పుడు విరిగిందని అడిగేదాకా ఆ సంగతి ఆయనకే తెలియదు. సినిమాలో చూడండి: పడ్డ మనిషి లేచి పరుగెత్తుతాడు. మనం నవ్వుతూ ఉండగానే ఆ షాట్ దాటిపోతుంది. ఈ కథను సాహసగాథగా చెప్పుకుని మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. అలాంటి ప్రమాదాలను తప్పించే జాగ్రత్తలు ఆనాటి స్టూడియోల్లో చాలా తక్కువ. అయినా, నిజంగా జరిగినదానికీ జరిగినట్టు చూపినదానికీ తేడా కీటన్‌కు ఎంత పట్టింపో ఇక్కడ తెలుస్తుంది. ఆ పట్టింపు తెలిసినవాడు గనుకే, కలలోకి వెళ్ళాక దాన్ని తలకిందులు చేయగలిగాడు.

ఇక ప్రొజెక్టర్ క్యాబిన్‌లోకి వద్దాం. యువకుడు నిద్రపోతాడు. అతని శరీరంలోంచి మరొక కీటన్, వెనుకనున్న వస్తువులు కనబడేంత పలుచగా, లేచి నిలబడతాడు. ఒకే ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి చిత్రీకరించే ఈ డబుల్ ఎక్స్‌పోజర్ 1924 నాటికి కొత్త విద్య కాదు. దెయ్యాల కోసం, ఆత్మల కోసం అప్పటికే చాలామంది వాడారు. కీటన్ దానికి చేర్చినది చిన్న వివరం. కలలోని మనిషి బయటికి వెళ్ళబోతూ కొక్కేనికి తగిలించిన టోపీ తీసుకుంటాడు. కొక్కేనికి ఉన్న అసలు టోపీ అక్కడే ఉంటుంది, దానిలోంచి పలుచని మరొక టోపీ అతని చేతిలోకి వస్తుంది. మనిషికి కల ఉంటే అతని టోపీకీ కల ఉండాలి కదా అనే తర్కం అది. మాయను వాడినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ మాయకు దాని సొంత తర్కాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించినవాళ్ళు కొందరే.

ఆ తరువాత అతను హాలు మధ్య దారిలో నడిచి, వేదికెక్కి, తెరలోకి వెళతాడు. తెర మీద ఆడుతున్న సినిమాలో పాత్రలన్నీ అప్పటికే అతనికి తెలిసిన మనుషులుగా, అంటే ఆ అమ్మాయిగా, ఆమె తండ్రిగా, ఆ వన్నెకాడిగా మారిపోయి ఉంటాయి. మొదటిసారి వన్నెకాడు అతన్ని పట్టుకుని వాద్యకారుల మధ్యలోకి విసిరేస్తాడు. ఆ షాట్‌లో ఎక్కడా అతుకు కనబడదు, ఎందుకంటే అక్కడ తెరే లేదు. తెర చట్రంలా కట్టిన చోట నిజమైన వేదికను అమర్చి, దాని మీద నిజమైన నటులను నిలబెట్టి, ప్రొజెక్టర్ వేసిన బొమ్మలా కనబడేటట్టు దీపాలను సర్దారు. అంటే మనకు మాయగా కనిపించినది వెలుతురు తెలిసిన ఒక నాటకం. నేను మొదట్లో చెప్పిన తారుమారుకు ఇది మంచి ఉదాహరణ.

ఇప్పుడు ఈ సినిమాకు ప్రాణం వంటి ఘట్టం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. రెండోసారి తెరలోకి దూకిన యువకుడు అక్కడ నిలదొక్కుకోబోతాడు. అతను అలాగే ఉంటాడు, చుట్టూ ఉన్న లోకం మాత్రం ఒక్క కట్‌తో, అంటే ఒక షాట్ తెగి మరొకటి మొదలయ్యే క్షణంలో, మారిపోతుంది. తోటలో బల్ల మీద కూర్చోబోతాడు. బల్ల మాయమై, రద్దీగా ఉన్న వీధి మధ్యలో వెల్లకిలా పడతాడు. లేచి నడవబోతే కొండ అంచు వస్తుంది. వంగి కిందికి తొంగి చూస్తుండగా, అదే వంగిన భంగిమలో సింహాల మధ్య ఉంటాడు. వాటిని తప్పించుకుని అడుగు వేస్తే ఎడారి. పక్కనుంచి రైలు దూసుకుపోతుంది. ఒక దిబ్బ మీద కూర్చుంటే అది సముద్రంలోని బండ అవుతుంది, అలలు తాకుతుంటాయి. సరే, నీళ్ళే కదా అని తలకిందులుగా దూకుతాడు. తల పోయి మంచులో కూరుకుపోతుంది. మంచులోంచి బయటపడి చెట్టుకు చెయ్యి ఆనించబోతే ఆ చెట్టు ఉండదు, మొదటి తోటలో మళ్ళీ కింద పడతాడు.

ఇక్కడ హాస్యానికి శత్రువెవరు? వన్నెకాడు కాదు, సింహాలు కాదు. సినిమాలోని కట్ అతనికి శత్రువు. ఒక షాట్ ముగిసి మరొకటి మొదలైనప్పుడు మనం కొండ మీది నుంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వెళ్ళినా ఏమీ అనిపించదు. సినిమా చూడడం అలవాటైన కళ్ళు ఆ గంతును గంతుగా లెక్కపెట్టవు. ఆ గంతును శరీరంతో భరించవలసిన మనిషి ఒకడు తెరలో చిక్కుకుంటే ఏమవుతుందని కీటన్ ఆలోచించాడు. చిత్రకళలోగానీ, నాటకంలోగానీ ఈ హాస్యం పుట్టే అవకాశమే లేదు. సినిమాలో తప్ప మరెక్కడా సాధ్యంకాని నవ్వు ఇది. ఎడిటింగ్ గురించి సిద్ధాంతాలు పుస్తకాలకెక్కుతున్న కాలంలోనే ఈయన దాన్ని ఒక మనిషి కూర్చోబోయి కింద పడడంగా చూపించాడు. సిద్ధాంతం చదవని పిల్లవాడికి కూడా అది అర్థమవుతుంది.

దీనిని తీయడంలోని కష్టం ఏ స్థాయిలో ఉందో చెప్పాలి. కట్‌కు ముందు కీటన్ శరీరం ఎక్కడ ఉందో, కట్ తరువాత కూడా అదే చోట, అదే ఎత్తులో, కెమెరాకు అంతే దూరంలో ఉండాలి. చోట్లు మాత్రం వేరు: ఒకటి వీధి, ఒకటి సముద్రతీరం, ఒకటి మంచు. వేర్వేరు రోజుల్లో తీసిన షాట్లను బొటనవేలంత తేడా లేకుండా కలపాలి. అందుకోసం భూమిని కొలిచే సర్వేయర్ల పరికరాలతో కెమెరాకూ నటుడికీ మధ్య దూరాలను కొలిచారు. ఒక షాట్ తీసిన వెంటనే ఆ ఫిల్మును డెవలప్ చేసి, చివరి ఫ్రేములు కొన్ని కత్తిరించి, కెమెరాలో ఫిల్ము నడిచే దారిలో పెట్టి, వాటి గుండా చూస్తూ కీటన్‌ను ఒక అంగుళం ఇటు, అర అంగుళం అటు జరిపి నిలబెట్టేవారని ఆయన తరువాత ఇచ్చిన ఇంటర్వ్యూలలో వివరించాడు. ఆ రోజుల్లో హాలీవుడ్ కెమెరామెన్ ఈ సినిమాను ఒకటికి రెండుసార్లు చూసి, ఎలా తీశారో తెలియక తలలు పట్టుకున్నారని కూడా ఆయన సంతోషంగా చెప్పుకునేవాడు.

ఆ కెమెరా వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి ఎల్జిన్ లెస్లీ. కెమెరాను చేత్తో తిప్పే రోజులవి. తిప్పే వేగం కొంచెం తడబడినా రెండు బొమ్మలు కలవవు. లెస్లీ చెయ్యి ఎంత నిలకడైనదంటే, 1921లో ‘ద ప్లేహౌస్’ అనే పొట్టి చిత్రంలో తొమ్మిది మంది కీటన్‌లను ఒకే ఫ్రేములో నిలబెట్టగలిగాడు. కటకం ముందు మూతలు పెట్టి, ఒక్కొక్క పలక తెరిచి చిత్రీకరించి, ఫిల్మును వెనక్కి తిప్పి, మళ్ళీ మళ్ళీ అదే వేగంతో నడపాలి. ఎక్కడ తప్పినా మొదటికొస్తుంది. మన దగ్గర 1957లో ‘మాయాబజార్’కు మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన కాలానికి యంత్రాలు చాలా మారాయి, ఆ సినిమాలోని మాయలను చూసి పెరిగిన మనకు లెస్లీ చేతి విలువ వేరే చెప్పనక్కరలేదు. ‘షెర్లాక్ జూనియర్’కు లెస్లీతో పాటు పనిచేసిన రెండో కెమెరామన్ బైరన్ హౌక్ అంతకుముందు పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. ఇది ఊరికే చెప్పిన ముచ్చట కాదు. ఏదైనా సన్నివేశం ముడిపడక ఆగిపోతే, కీటన్ బృందం పని ఆపి బేస్‌బాల్ ఆడేది. ఆట మధ్యలో ఎవరికో ఒక ఉపాయం తట్టేది. రాతప్రతి పట్టుకుని దాని ప్రకారం తీసే పద్ధతి వారికి లేదు.

తెర లోపలి కథలో బిలియర్డ్స్ ఆటను మీరంతా ఆనందించారు. 13వ నంబరు బంతిలో పేలుడు పదార్థం ఉంది. విలన్లు తలుపు అవతల చెవులు మూసుకుని ఉంటారు. మన డిటెక్టివ్ దాన్ని తప్ప అన్నింటినీ కొడుతూ పోతాడు. ఉత్కంఠ, హాస్యం రెండూ ఒకే బంతి మీద నడుస్తాయి. దాన్ని అంతటితో వదిలి కిటికీ దగ్గరికి వెళ్దాం, అక్కడ చూడవలసినది ఎక్కువ.

దొంగల ఇంట్లోకి వెళ్ళబోయే ముందు అతను ఒక గుండ్రని చదునైన పెట్టెను కిటికీలో పెట్టి వెళతాడు. దానిలో ముసలమ్మ వేషానికి కావలసిన గౌను మడిచి ఉందని ముందే చూపిస్తారు. తప్పించుకోవలసిన ఘడియ వచ్చేసరికి ఆ ఇంటి గోడ మన కళ్ళ ముందే కరిగిపోయి, లోపలి గది, బయటి వాకిలి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఎందుకలా కరిగించారు? మామూలు దర్శకుడైతే లోపలి నుంచి దూకడం ఒక షాట్, బయట వేషంతో లేవడం మరొక షాట్ తీసేవాడు. మధ్యలో వేషం మార్చుకోవడానికి నటుడికి కావలసినంత తీరిక. కీటన్ ఆ వెసులుబాటును కావాలనే వదులుకున్నాడు. గదిలోంచి కిటికీ గుండా దూకి, ఆ పెట్టెలోని గౌనులోంచి దూరి, నేల మీద దొర్లి, ముసలమ్మగా లేచి నడిచిపోవడం మొత్తం ఒకే షాట్‌లో, ఎక్కడా తెగకుండా జరుగుతుంది. కెమెరా మాయ ఇక్కడ చేసిన పని ఒక్కటే: శరీరం చేసిన పనికి అడ్డు గోడ తీసి సాక్షిగా నిలబడింది.

వెంటనే దానికి సరిగ్గా ఎదురైన ఘట్టం వస్తుంది. వీధి మూలలో కంచెకు ఆనుకుని, ముసలమ్మ వేషంలో ఉన్న అతని సహాయకుడు మెడకు ఒక పెట్టె తగిలించుకుని నిలబడి ఉంటాడు. దారి లేక చిక్కుకున్న కీటన్ పరుగున వచ్చి ఆ పెట్టెలోకి, అంటే ఆ మనిషి కడుపులోకే దూకి మాయమైపోతాడు! సహాయకుడు ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళిపోతాడు. ఇదీ ఒకే షాట్. దీన్ని చూసినవాళ్ళంతా ఫిల్మును ఎక్కడో అతికారని ప్రమాణం చేసి చెబుతారు. అతుకేమీ లేదు. ఇది వాడవిల్ వేదిక మీది పాత గారడీ. సహాయకుడి అసలు కాళ్ళు వెనుక గోడ అవతల అడ్డంగా చాచి ఉంటాయి, ముందు గౌను కింద కనబడేవి ఉత్త బట్టలు. పెట్టె వెనుక కంచెలో రహస్యపు తలుపు ఉంది. కీటన్ ఆ తలుపు గుండా దూకాక, సహాయకుడు కాళ్ళు కిందికి దించి నిలబడి నడుస్తాడు. తెర మీద అది కెమెరా కనికట్టులా కనిపించడానికి కారణం, అంతకుముందు కెమెరా చేసిన మాయలన్నీ మన మనస్సును అందుకు సిద్ధం చేసి ఉంచడమే. ఇదే ఘట్టం సినిమా మొదట్లో వచ్చి ఉంటే మనం గారడీ అనుకునేవాళ్ళం. ఇక్కడ వచ్చింది గనుక ఏమనుకోవాలో తోచదు. కలగనేవాడి స్థితి అంటే అదే కదా.

మోటారు సైకిలు ఘట్టం కూడా ఈ వెలుగులోనే చూడాలి. పోలీసు వేషంలోని సహాయకుడు బండి నడుపుతుంటే మన డిటెక్టివ్ ముందు హ్యాండిల్ మీద కూర్చుంటాడు. ఒక కుదుపుకు నడిపేవాడు జారిపడిపోతాడు, ఇతనికి తెలియదు. (ఆ పాత్ర వేసిన నటుడి బదులు అక్కడ పడినది కూడా కీటనేనని చెబుతారు, అంటే తానే పడిపోయి, తానే ముందు కూర్చుని సాగిపోయాడు.) కందకం తవ్వే కూలీలు పారలతో వరసగా మట్టిని ముఖాన కొడుతుంటారు, తాడులాట ఆడేవాళ్ళను బండి ఈడ్చుకుపోతుంది, దారికి అడ్డంగా ఉన్న దుంగ సరిగ్గా ఇతను చేరే క్షణానికి పేలి తొలగిపోతుంది. తెగిన వంతెన దగ్గర రెండు లారీలు ఎదురెదురుగా దాటే ఒక్క క్షణంలో వాటి పైకప్పులు వంతెనకు అతుకు వేస్తాయి. దాటాక, ఇంత బాగా దాటిస్తావనుకోలేదని వెనుక లేని మనిషిని మెచ్చుకుంటాడు. భయం ఎప్పుడు పుడుతుందో గమనించారా? వెనక్కి తిరిగి చూసిన తరువాతే. తెలియనంతసేపూ లోకం అతనికి దారి ఇస్తూ వచ్చింది. కట్‌ల వరుసలో అతన్ని నిలబడనివ్వని లోకమే ఇక్కడ, అతనికి తెలియకుండానే, అతన్ని మోసుకుపోతుంది. ఈ రెండు ఘట్టాలనూ ఒకే కలకు రెండు చివర్లలో పెట్టడంలో ఎంతో ఆలోచన ఉంది.

ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులు ఆశించినంతగా స్పందించకపోతే కీటన్ సినిమాను పొడిగించే బదులు కోసుకుంటూ వచ్చాడు. నిర్మాత జోసెఫ్ షెంక్ మరికొంత నిడివి కలపమన్నా ఒప్పుకోలేదు. అందుకే ఇందులో పనికిరాని షాట్ ఒక్కటీ దొరకదు. విడుదలైనప్పుడు దీన్ని ఆయన గొప్ప విజయాల్లో ఒకటిగా ఎవరూ లెక్కించలేదు, కొందరు సమీక్షకులు పెదవి విరిచారు కూడా. ఫ్రాన్సులో రెనే క్లేర్ వంటి దర్శకుడు మాత్రం దీనిలో, వేదిక మీది పాత్రలకూ నిజమైన మనుషులకూ మధ్య గీత చెరిపిన ఇటాలియన్ నాటకకర్త పిరాండెల్లో పోలికలను గుర్తించి మెచ్చుకున్నాడు. 1928లో కీటన్ తన స్టూడియోను వదిలి ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో చేరాడు. అక్కడ ప్రతిదీ ముందే కాగితం మీద ఉండాలి, ఆమోదాలు రావాలి. కొద్ది ఏళ్ళలోనే ఆయన స్వేచ్ఛ, దానితోపాటు ఆయన సినిమా, రెండూ పోయాయి. సర్వే పరికరాలు తెచ్చుకుని ఒక కట్ కోసం రోజంతా కొలుచుకునే తీరిక, సన్నివేశం ముడిపడకపోతే ఆట ఆడుకునే వాతావరణం, విఫలమైన ప్రయత్నాన్ని పారేసే అధికారం ఆయనకు ఉండి ఉండకపోతే ‘షెర్లాక్ జూనియర్’ వచ్చేది కాదు. ఒక మనిషి ప్రతిభ ఎంతదైనా, ఆ ప్రతిభ పనిచేసే పద్ధతిని కాపాడే చోటు లేకపోతే అది నిలవదని చెప్పడానికి ఆయన జీవితం కంటే బాధాకరమైన ఉదాహరణ నాకు కనబడదు. 1965లో వెనిస్ చలనచిత్రోత్సవంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేనాటికి ఆయనకు మిగిలిన ఆయుష్షు కొద్ది నెలలే. 1966 ఫిబ్రవరి 1న మరణించాడు. అమెరికా జాతీయ చిత్ర పట్టికలో ఈ సినిమాకు 1991లో చోటు దక్కింది.

చివరగా కథ ముగింపు. కలలో అతను ప్రపంచ ప్రఖ్యాత డిటెక్టివ్. మెలకువలో ఏ నేరాన్నీ ఛేదించలేదు. అతను కలలో బాంబు బంతులతోనూ మోటారు సైకిలుతోనూ యుద్ధం చేస్తే, ఆ అమ్మాయి తాపీగా తాకట్టు దుకాణానికి వెళ్ళి, గడియారం తెచ్చినవాడు ఎవరని అడిగి, నిజం తెలుసుకుంది. సినిమాలో ఇది చాలా కొద్ది సేపట్లో అయిపోతుంది, కీటన్ దానిపై ఒక్క మాటా అనడు. ఆ అమ్మాయి పాత్ర వేసిన కాథరిన్ మెగ్వైర్ ఆ సన్నివేశాన్ని ఏ హడావుడీ లేకుండా చేసిన తీరును ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నాకు ఆ నిరాడంబరత చాలా నచ్చింది. పుస్తకం చదివి డిటెక్టివ్ కాబోయినవాడు ఓడిపోయాడు, వెళ్ళి అడిగిన అమ్మాయి గెలిచింది.

ఆమె క్షమాపణ చెప్పడానికి క్యాబిన్‌లోకి వచ్చినప్పుడు అతనికి ఏం చేయాలో తెలియదు. క్యాబిన్ కిటికీలోంచి తెర వైపు చూస్తాడు. తెర మీది నాయకుడు నాయిక చేతులు పట్టుకుంటే ఇతనూ పట్టుకుంటాడు. అతను ముద్దు పెడితే ఇతనూ పెడతాడు. అతను ఉంగరం తొడిగితే ఇతనూ తొడుగుతాడు. ఆపైన తెర మీద దృశ్యం మారి, ఆ జంట ఒళ్ళో పిల్లలతో కూర్చుని ఉంటుంది. మనవాడు తల గోక్కుంటాడు. ఇది కేవలం కొంటె హాస్యంగా చాలామంది చూస్తారు. కానీ గమనించండి: సినిమా మధ్యలో బండ మీది నుంచి మంచులోకి అతన్ని విసిరేసిన అదే కట్ ఇక్కడ ఏళ్ళ మీదుగా దూకింది. తెర మీది మనిషి చేసేవన్నీ ఇతను అనుకరించగలడు, రెండు షాట్ల మధ్య జరిగినదాన్ని మాత్రం అనుకరించడానికి వీల్లేదు, ఎందుకంటే అది తెర మీద లేదు. కట్‌తోనే మొదలైన పేచీ కట్‌తోనే ముగిసింది.

తెరలోకి దూకే ఘట్టాన్ని ఇప్పుడు మరోసారి వేయమని ఆపరేటర్ గారిని కోరాను. ఈసారి కథను పక్కన పెట్టి, కట్ పడే ప్రతిచోటా కీటన్ పాదాలను, నడుమును మాత్రమే చూడండి. చుట్టూ లోకం మారిన ఆ క్షణంలో శరీరం ఎంత కొద్దిగా కదులుతుందో, కొన్నిచోట్ల అసలే కదలదో మీకే తెలుస్తుంది. ప్రశ్నలు ఆ తరువాత తీసుకుందాం.